టెలివిజన్ నాటకంలో కౌమార పాత్రలు: వెంకటేశం నుంచి ఆనంది వరకు

పాత్రచిత్రణకు సంబంధించిన మౌలిక అంశాలను ఇంతకుముందు తెలుసుకున్నారు. ఇప్పుడు వాటిని మీ ఇళ్లలో రోజూ చూసే టెలివిజన్ ధారావాహికలకు అన్వయించి చూద్దాం. 13 నుంచి 19 ఏళ్ల మధ్య వయసు మన ధారావాహికల్లో ఎంత కనిపిస్తోంది, ఎలా కనిపిస్తోంది అన్నది ఇక్కడి ప్రశ్న.

1. ‘కన్యాశుల్కం’ ఇచ్చే కొలమానం

తెరమీది పాత్రలను అంచనా వేయడానికి ఒక కొలమానం కావాలి. అది విజయనగరంలోనే దొరుకుతుంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో అక్కడ మొదటిసారి ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, 1909లో మార్పులతో మళ్లీ వెలువడింది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1,034 కన్యాశుల్క వివాహాలు నమోదయ్యాయని, వాటిలో 99 మంది వధువుల వయసు ఐదేళ్లేనని మొదటి కూర్పు పీఠికలో గురజాడ తెలిపారు.

ఇందులోని వెంకటేశాన్ని గమనించండి. పరీక్ష తప్పాడు. తండ్రంటే భయం. గిరీశం దగ్గర చుట్ట కాల్చడం నేర్చుకున్నాడు. ఇంటికి వెళ్లేటప్పుడు ఆ గురువునే అడ్డం పెట్టుకున్నాడు. గిరీశం అతన్ని వాడుకుంటే, అతనూ గిరీశాన్ని వాడుకున్నాడు. అంటే వెంకటేశానికి సొంత అవసరం ఉంది, పెద్దలకు తెలియని లోకం ఉంది, తనదైన మాట ఉంది. కౌమార పాత్రకు ప్రాణం పోసేవి ఈ మూడే.

అయితే ఆడపిల్లల సంగతి వేరు. లుబ్ధావధాన్లుకు అమ్మజూపిన సుబ్బి చుట్టూ కథంతా తిరుగుతుంది కానీ, ఆమె గొంతు మనకు దాదాపు వినపడదు. పెళ్లికూతురి వేషంలో మాట్లాడేది కరటకశాస్త్రి శిష్యుడు, అంటే ఒక మగపిల్లవాడు! చిన్న వయసులోనే వితంతువైన బుచ్చమ్మ ఇల్లు దాటే సాహసం చేసినా, ఆమె తర్వాతి దారిని చివరకు సౌజన్యారావు పంతులు నిర్ణయిస్తాడు. ఈ పరిమితిని కూడా విమర్శకులుగా మీరు గుర్తించాలి.

2. ‘చిన్నారి పెళ్లికూతురు’

2008లో హిందీలో మొదలైన ‘బాలికా వధు’ తెలుగులోకి ‘చిన్నారి పెళ్లికూతురు’గా అనువాదమై మా టీవీలో ప్రసారమైంది. కథ రాజస్థాన్‌ది. ఎనిమిదేళ్ల వధువు ఆనందిగా అవికా గోర్ తెలుగు ఇళ్లలోనూ పరిచితురాలైంది. సుబ్బికి దక్కని గొంతు ఆనందికి దక్కింది. ఆమె ప్రశ్నిస్తుంది, అలుగుతుంది, చదువుకోవాలంటుంది.

అయితే 2010లో కథ కొన్నేళ్లు ముందుకు దూకింది. ప్రత్యూష బెనర్జీ యువతి ఆనందిగా వచ్చింది. నిన్నటి చిన్నపిల్ల నేడు ఇంటి కోడలు. ఈ దూకుడులో కౌమారంలో పెద్ద భాగం మాయమైంది. శరీరం మారే వయసు, చదువు ఆగిపోతే కలిగే కోపం, తన పెళ్లిని తానే అర్థం చేసుకునే క్రమం ఉండేది సరిగ్గా ఆ ఏళ్లలోనే. ధారావాహికకు బాలిక కావాలి, కోడలు కావాలి. ఆ రెండింటి మధ్య ఎదిగే మనిషితో దానికి పని పడదు.

3. చదువు, యాస

2024లో ఆదిత్య హాసన్ దర్శకత్వంలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘నైంటీస్’ ఇందుకు భిన్నమైనది. లెక్కల మాస్టారి ఇంట్లో మార్కులు, తోటి విద్యార్థిని మీద ఇష్టం, తండ్రి ముందు మౌనం వంటి చిన్న విషయాలే అందులో కథ. చంపడం, కుట్ర పన్నడం లేకుండానే కౌమారం కథావస్తువు కాగలదని అది చూపింది.

యాస సంగతి కూడా చూడండి. ‘గుంటడు’, ‘ఏటి’ వంటి ఉత్తరాంధ్ర మాటలు తెరమీద ఎక్కువగా నవ్వించే పాత్రలకే దక్కుతాయి. నాయిక కాబోయే అమ్మాయి ఆ యాసలో కలలు కనడం అరుదు. మన మాటలో మన వయసు గంభీరంగా కనిపించకపోవడం కూడా ఒక లోపమే.

4. సారాంశం

మీలో కొందరు పెళ్లి వల్లో, పని వల్లో ఆగిన చదువును ఇప్పుడు దూరవిద్య ద్వారా కొనసాగిస్తూ ఉండవచ్చు. ధారావాహికలు దాటేసే సంవత్సరాలు మీరు గడిపినవే. అందువల్ల ఈ విమర్శకు కావలసిన అనుభవం మీ దగ్గర ఉంది.

అభ్యాసం: మీరు చూస్తున్న ఒక ధారావాహికలోని కౌమార పాత్రను ఎన్నుకోండి. ఆ పాత్రకు సొంత అవసరం, సొంత లోకం, సొంత మాట ఉన్నాయా? 15 పంక్తులలో చర్చించండి.