విధికుడి పేరు పాఠంలో ఎక్కడ?

ఢిల్లీ జన్‌పథ్‌లోని జాతీయ మ్యూజియానికి మేము బస్తీ పిల్లల్ని తీసుకువెళుతుంటాం. నాగార్జునకొండ సున్నపురాతి శిల్పాలు అక్కడున్నాయి. మూడో శతాబ్దంలో మన పల్నాటి సీమలో చెక్కినవి. మా తెలుగు కూలీల పిల్లలకు అవి సొంతూరి రాళ్ళు. అయినా పరాయి ఇంట్లో అడుగుపెట్టినట్టు ఒదిగి నడుస్తారు.

కళాచరిత్రను పదిమందికీ అందించే ప్రయత్నాలు ఈ నగరంలో లేకపోలేదు. 1989లో ఏర్పడిన నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ 'భారతీయ కళానిధి' కోర్సును హిందీలో నడిపింది. చూపులేనివారు చేత్తో తడిమి తెలుసుకునేలా మ్యూజియం 2015లో 'అనుభవ్' గ్యాలరీ తెరిచింది. మంచి పనులే. మా పేచీ లోపల చెప్పే పాఠంతో.

ఒకసారి మాతో వచ్చిన ఉపాధ్యాయుడు చెప్పిందింతే: ఇక్ష్వాకుల కాలం, అమరావతి శైలి, సన్నని నడుములు, లయ. రాజవంశం పేరు చెప్పగానే పాఠం అయిపోయింది. మరి ఈ రాళ్ళకు ఖర్చు పెట్టిందెవరు? జవాబు రాతి మీదే ఉంది. లా చదివిన మాకు దాన శాసనం దస్తావేజులా కనిపిస్తుంది: దాత, బంధుత్వం, ఇచ్చిన వస్తువు, ఉద్దేశం. ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది ఆయన సోదరి చాంతిసిరి. సింహళ థేరుల కోసం చైత్యగృహం కట్టించిన బోధిసిరి అయితే రాణి కూడా కాదు, ఉపాసిక.

అమరావతి శాసనమొకటి ఇంకా సూటిగా మాట్లాడుతుంది. పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చిన విధికుడు తన వృత్తిని ప్రాకృతంలో చెప్పుకున్నాడు: చమ్మకార, అంటే తోలు పనివాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్ళతో కలిసి ఇచ్చానని రాయించాడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడట! తోలుపని ఇంట ఉపాధ్యాయుడు. ఈ ఒక్క మాట మీద పీరియడంతా పాఠం చెప్పవచ్చు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పూర్ణఘటాన్ని తన చిహ్నంలో పెట్టుకుంది. సర్కారీ కాగితాల మీద ఘటం కనిపిస్తుంది, విధికుడు కనిపించడు.

శాసనాలు చరిత్ర మాస్టారి పని, మాది శిల్పం అనే కళా ఉపాధ్యాయులున్నారు. ఉలి పనితనం పిల్లలకు తెలియాల్సిందే. కాని ఆ పలక మీద ఘటమూ అక్షరాలూ ఒకే రాతిపై ఉన్నాయి. సగం చదివి సగం వదిలేయడం ఏ రకం చూపు?

పోయినసారి విధికుడి శాసన సారాన్ని హిందీలో, తెలుగులో రాసి పిల్లలకిచ్చాం. చెప్పులు కుట్టే ఇంటి పిల్ల ఒకతె రెండుసార్లు చదువుకుంది. "ఇది పరీక్షలో అడుగుతారా సార్?" అంది. అడగరని చెప్పాల్సి వచ్చింది.