పొగకో తూకం, పుట్టుకకో తూకం

రోనాల్డ్ ఫిషర్ లేకుండా స్టాటిస్టిక్స్ పాఠం సాగదు. రాండమైజేషన్, వేరియన్స్ విశ్లేషణ ఆయన చేతిమీదుగా వచ్చినవే. 1918 నాటి వ్యాసంలో మెండెల్ జన్యుశాస్త్రాన్నీ గణాంకాల్నీ ఒకే కాడికి కట్టాడు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన మన సి.ఆర్. రావు కేంబ్రిడ్జిలో ఆయన దగ్గరే డాక్టరేట్ చేశాడు. ఇదంతా ఒప్పుకోవాల్సిందే. ఐతే 1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిషర్ ఎక్కిన కుర్చీ పేరేమిటి? గాల్టన్ ప్రొఫెసర్ ఆఫ్ యూజెనిక్స్. అంటే మేలురకం మనుషుల్ని పెంచే శాస్త్రం!

ఈ ప్రొఫెసర్ దగ్గర రెండు తూకాలున్నాయని మేమంటున్నాం.

సిగరెట్ తాగేవాళ్ళకి ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు ఎక్కువని డాల్, హిల్ 1950లో లెక్కలతో చూపించారు. 1957, 58ల్లో ఫిషర్ అడ్డం తిరిగాడు. సంబంధం ఉన్నంతమాత్రాన అదే కారణం కాదన్నాడు. సిగరెట్లు ఎవరూ లాటరీ తీసి పంచలేదు గదా, పొగతాగే అలవాటునీ కేన్సర్‌నీ రెంటినీ తెచ్చే జన్యువు ఉండొచ్చు గదా అన్నాడు. కవలల లెక్కలు ముందుపెట్టాడు. అప్పటికాయన పొగాకు కంపెనీల సలహాదారు కూడా. అయినా ప్రశ్న తప్పుది కాదు.

జవాబు 1959లో కార్న్‌ఫీల్డ్ బృందం చెప్పింది. పొగతాగేవాళ్ళకి ముప్పు తొమ్మిది రెట్లు. అదంతా దాగున్న జన్యువు పనే అయితే, ఆ జన్యువు తాగనివాళ్ళలో కంటే తాగేవాళ్ళలో కనీసం తొమ్మిది రెట్లు ఎక్కువగా ఉండాలి. చూపించండి అన్నారు. ఫిషర్ చూపించలేకపోయాడు. 1962లో చనిపోయాడు. 2008లో పదిహేనో క్రోమోజోములో అలాంటి జన్యుభేదం నిజంగానే దొరికింది. ఒక్కో ప్రతికి అది పెంచే ముప్పు సుమారు 30 శాతం. తొమ్మిది రెట్లెక్కడ, ఇదెక్కడ?

ఇప్పుడు రెండో తూకం చూడండి. 1930లో రాసిన 'జెనెటికల్ థియరీ ఆఫ్ నేచురల్ సెలెక్షన్' చివరి అధ్యాయాల్లో, పైవర్గాలు తక్కువమందిని కంటున్నాయి కాబట్టి సమర్థత తరిగి నాగరికతలు కూలుతున్నాయన్నాడు. ఆదాయాన్నిబట్టి పిల్లల భత్యం ఇవ్వాలన్నాడు. మరి ఆస్తీ, బడీ, తిండీ లాటరీ తీసి పంచారా? సిగరెట్ దగ్గర అడిగిన రుజువు బీదవాడి పుట్టుక దగ్గర ఎందుకు అడగలేదు? 1952లో యునెస్కో జాతులపై ప్రకటన తెచ్చినప్పుడూ, తెలివిలో జాతులకు పుట్టుతేడాలున్నాయనే అసమ్మతి చెప్పాడు.

ఇది దూరదేశం గొడవ కాదు. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మేం. 'మెరిట్ రక్తంలో ఉండాలి' అన్న మాట వింటూనే చదువుకున్నాం. కులమంటే లోపలి పెళ్ళిళ్ళ కట్టడి అని అంబేద్కర్ 1916లోనే తేల్చారు. దానికి యూజెనిక్స్ ముసుగు తొడిగేవాళ్ళని 1936లో 'కులనిర్మూలన'లో నిలదీశారు. ఫిషర్ ఆ పుస్తకం రాసిన ఆరేళ్ళకే.

2020లో ఫిషర్ చదివిన కేంబ్రిడ్జి కాలేజీ ఆయన స్మారక కిటికీని తీసేయాలని నిర్ణయించింది. మంచిదే. కానీ కిటికీ తీస్తే తూకం మారదు. స్టాటిస్టిక్స్ అగ్రకులాల విద్య అని వదిలేస్తే నష్టం మనకే. కార్న్‌ఫీల్డ్ ప్రశ్నను మనం పట్టుకోవాలి. వాడలో క్షయకీ, పరీక్షలో మార్కులకీ రక్తమే కారణమని ఎవడైనా అంటే ఇలా అడగాలి: ఆ కారణం మాలో ఎన్ని రెట్లు ఎక్కువ ఉండాలి? ఉందా? చూపించు. చూపించేదాకా ఇరుకిల్లూ, తిండిలేమీ, మూసిన బడితలుపూ లెక్కలోంచి తీసెయ్యడానికి ఒప్పుకోం.