చెట్టుకు దూరమైన కల్లు

హైదరాబాద్ రాత్రి జీవితం గురించి రాసేవారు జూబ్లీహిల్స్, మాదాపూర్, గచ్చిబౌలి దగ్గరే ఆగిపోతారనీ, పొద్దు వాలేసరికి నగరంలోని కూలీల వాడల్లో నిండిపోయే కల్లు కాంపౌండ్లు వారి లెక్కలోకే రావనీ ఈ శీర్షిక పలుమార్లు వాదించిన సంగతి నిత్య పాఠకులకు తెలిసిందే. ఆ వాదాన్ని మళ్లీ ఎత్తుకోవడానికి ఈ వారం కారణమైంది నగరానికి పడమటి వైపున్న ఒక లౌంజ్ అలంకరణ: తాటాకు పందిరి, గోడకు వేలాడదీసిన లొట్లు, మూలన చుట్టిపెట్టిన మోకు, ధరల పట్టికలో మాత్రం విదేశీ మద్యం. లొట్టి అంటే గీత కార్మికుడు చెట్టుకు కట్టే కుండ. మోకు అంటే చెట్టుకూ తన నడుముకూ కలిపి చుట్టుకుని పైకి ఎక్కే తాడు. ప్రాణాన్ని నిలబెట్టే పనిముట్టును గోడకు బొమ్మగా తగిలించడం ఆ పనిచేసే మనిషిని అవమానించడమే. చెట్టు మీంచి జారిపడి చనిపోయేవారు, నడుము విరిగి మంచాన పడేవారు ఏటా ఉంటున్నందునే 2024లో తెలంగాణ ప్రభుత్వం గౌడుల దైవమైన కాటమయ్య పేరిట ‘కాటమయ్య రక్ష’ అనే కొత్త రక్షణ కిట్లను పంచడం మొదలుపెట్టింది.

ఆ లౌంజ్‌కు ఎదురుగా నిలబెట్టదగినది కాంపౌండే అని మొదట తోస్తుంది. కల్లు కాంపౌండ్ అంటే గీత కార్మికుల సహకార సంఘాల పేరిట నడిచే, చుట్టూ గోడ, పైన రేకుల కప్పు, లోపల బల్లలూ అరుగులూ ఉన్న ఆవరణ. పాత బీరు సీసాల్లో నింపిన కల్లు ప్లాస్టిక్ డబ్బాల్లో వరుసగా పేర్చి ఉంటుంది; పక్కనే ఒకామె పెనం మీద బోటి వేయిస్తూ, ఉడికించి తాలింపు పెట్టిన గుడాలను కాగితంలో పొట్లం కట్టి ఇస్తుంది. అడ్డా మీద పని దొరికినా దొరకకపోయినా అక్కడికి చేరే కూలీలు, ఇళ్లల్లో పని ముగించుకుని వచ్చే ఆడవాళ్లు, పనిముట్ల సంచి పక్కన పెట్టుకున్న మేస్త్రీలు గంటల తరబడి కూర్చుని మాట్లాడుకుంటారు. పేదింటి ఆడమనిషి నలుగురి ఎదుట తలవంపు లేకుండా కూర్చుని తాగగల చోటు ఈ మహానగరంలో దాదాపు ఇదొక్కటే. జనం ‘వైన్స్’ అని పిలిచే చిల్లర మద్యం దుకాణానికి ఆనుకుని ఉండే పర్మిట్ రూమ్‌లో ఆమెకు స్థానం లేదు. అక్కడ మగవాళ్లు సైతం నిలబడి గొంతులో పోసుకుని వెళ్లిపోవలసిందే. తాగుడును తప్పుపట్టే ముందు కూర్చునే చోటు ఎవరికి ఉంది, ఎవరికి లేదు అని చూడాలన్నది ఈ శీర్షిక ఎన్నడూ వదలని మాట. 2004లో ప్రభుత్వం హైదరాబాద్‌లోని కల్లు దుకాణాలను మూసివేయించింది. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో అవి తిరిగి తెరుచుకున్నాయి. నడుమ పదేళ్లూ కూలీలు తాగడం మానలేదు, కూర్చునే చోటును మాత్రం కోల్పోయారు.

అయితే కాంపౌండ్‌ను ఇలా పొగుడుతూ పోవాలంటే ఆ సీసాలో ఉన్నది ఎక్కడి నుంచి వచ్చిందో అడగకుండా ఉండాలి, అది సాధ్యం కాదు. గీత అనేది కాలానికి కట్టుబడిన పని. ఈత చెట్టుకు మొవ్వ దిగువన కాండాన్ని చెక్కి, ఆ గాటు నుంచి కారే రసాన్ని లొట్టిలోకి మళ్లిస్తారు. తాటి చెట్టుకైతే పూల గెలను అదిమి కట్టి, దాని కొసను గీత కత్తితో పలుచగా కోస్తారు. కోత కాస్త లోతైతే గెల పాడవుతుంది, పైపైన పోతే ధార ఆగిపోతుంది. అందుకే ఉదయం సాయంత్రం అదే చెట్టెక్కి అదే గాటును సరిచేసే చేతికి ఏళ్ల అనుభవం కావాలి. ఈత కల్లు చలికాలానిది, ఎండలు ముదిరేకొద్దీ తాటి కల్లు వస్తుంది. తాటిలో కూడా మగ చెట్టయిన పోద్దాడుకు ఒక అదను, కాయలు కాసే పండుతాడుకు మరొక అదను. రసం లొట్టిలో పడుతుండగానే గాలిలోనూ కుండలోనూ ఉన్న ఈస్ట్ దాన్ని పులియబెడుతుంది. తెల్లవారుజామున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి ఘాటెక్కి, మర్నాటికి పుల్లబడి నోట పెట్టరానిదవుతుంది. పల్లెలో తాటివనానికి వెళ్లినవారు చెట్టు కిందే కూర్చుని, మడిచిన తాటి రేకలో పోయించుకుని తాగుతారు. ఎవరి చెట్టో, ఎప్పుడు దించారో, ఏ చేయి గీసిందో వారికి తెలుసు.

నగర కాంపౌండ్‌లో ఏడాది పొడవునా ఒకే రుచి, ఒకే ఘాటు, ఏ పూట వెళ్లినా కావలసినంత సరుకు దొరుకుతుంది. ఋతువు లేని కల్లు చెట్టు నుంచి రాలేదనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. చుట్టుపక్కల తాటివనాలు ప్లాట్లుగా మారిపోగా, ఉన్న కొద్దిపాటి కల్లులో నీళ్లు, శాకరిన్ కలిపి, లోటుపడిన మత్తును క్లోరల్ హైడ్రేట్‌తోనో, డైజిపామ్, ఆల్ప్రజోలం వంటి మందులతోనో పూరించే దారుణం తెలంగాణలో దశాబ్దాలుగా సాగుతోంది. డైజిపామ్, ఆల్ప్రజోలం ఆందోళనకూ నిద్రలేమికీ వైద్యుల పర్యవేక్షణలో వాడవలసినవి. తెలియకుండా రోజూ తాగిన శరీరం వాటికి బానిసవుతుంది. అందుకే 2015లో కల్తీపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందల మంది ఫిట్స్‌తో, వణుకుతో, మతి తప్పిన ప్రవర్తనతో ఆస్పత్రుల పాలయ్యారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు, కిడ్నీలు దెబ్బతిన్నవారికి డయాలసిస్ చేయవలసివచ్చింది. వారంతా రెక్కాడితేగాని డొక్కాడనివారే.

ఇక్కడికి వచ్చేసరికి, మొదట చికాకు కలిగించిన ఆ పడమటి హైదరాబాద్ వైపే మళ్లీ చూడవలసివస్తుంది. తెలంగాణలో 2015 నాటి నియమాలతో మొదలైన మైక్రోబ్రూవరీలు, అంటే బీరును అక్కడికక్కడే కొద్ది మోతాదులో తయారుచేసి అమ్మే చోట్లు, తాటివనం పాటించిన సూత్రాన్నే పాటిస్తున్నాయి. మాల్ట్ నానబెట్టే తొట్టె, పులియబెట్టే స్టీలు ట్యాంకు అద్దం వెనుక కనపడుతుంటాయి. తయారైన చోటే తాగుతారు, ఎంత తయారైందో అంతే అమ్ముతారు, ట్యాంకు ఖాళీ అయితే ఆ రకం లేదని చెబుతారు. చెట్టు కింద నేర్చిన నిజాయితీ కాంపౌండ్‌లో పోయి, సంపన్నుల పబ్బులో మిగలడం బాధాకరమే అయినా అది నిజం. నెక్లెస్ రోడ్డులో 2023లో తెరిచిన నీరా కేఫ్ కూడా, పులియని తాటి, ఈత రసాన్ని చల్లగా దాచి తెచ్చి అమ్మవచ్చునని చూపింది.

కాబట్టి కాంపౌండ్లను మళ్లీ మూయించాలన్న కోరికను ఈ శీర్షిక సమర్థించదు, ఇప్పుడున్నట్టే వదిలేయాలన్న వాదాన్నీ ఒప్పుకోదు. ప్రతి కాంపౌండ్ గుమ్మం దగ్గర ఒక పలక ఉండాలి: ఏ ఊరి వనం, ఎన్ని చెట్లు, ఈ రోజు వచ్చిన కల్లు ఎంత. ఆ లెక్కకు మించి ఒక్క సీసా అమ్మినా లైసెన్సు పోవాలి, కల్లు రాని రోజున తలుపు తెరవకూడదు. ఈ పని ఎక్సైజ్ శాఖది. అంతవరకు పాఠకులు తమ ఇళ్లల్లో, తాము కట్టించుకుంటున్న భవనాల్లో పనిచేసేవారికి ఒక్క మాట చెప్పాలి: ఏడాదంతా ఒకే రుచి ఉండే కల్లు తాగవద్దు.