విస్మృత చతుష్టయాలకు పీఠిక

రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో పరస్పరం సంభాషించే స్ట్రింగ్ క్వార్టెట్ అనే ప్రక్రియకు హైడన్ పితృతుల్యుడని, మొత్సార్ట్ తన ఆరు రచనలను 1785లో ఆయనకే అంకితమిచ్చి ఆ ఋణాన్ని శిరసావహించాడని పాశ్చాత్య సంగీతచరిత్ర కొంత చదివినవారందరూ ఎరుగుదురు. ఆ ఇరువురి సరసన కూర్చున్నవారిని ఎరిగినవారు మాత్రం అరుదు. 1784 ప్రాంతంలో వియన్నాలో స్వరకర్త స్టీఫెన్ స్టొరాచే ఏర్పాటు చేసిన గోష్ఠిలో హైడన్, డిట్టర్స్‌డార్ఫ్ వయొలిన్లు, మొత్సార్ట్ వియోలా, వాన్‌హాల్ చెల్లో వాయించారని గాయకుడు మైకేల్ కెల్లీ తన స్మృతులలో నమోదు చేశాడు. వాదకులుగా వారిలో ఎవరూ అసాధారణులు కారని కూడా నిర్మొహమాటంగా చేర్చాడు. భూస్వామ్య దాస్యంలో జన్మించి, స్వార్జితంతో తన స్వేచ్ఛను తానే కొనుక్కున్న వాన్‌హాల్ నేడు ఎందరికి జ్ఞాపకం?

అటువంటివారి రచనల రికార్డింగులను శ్రద్ధతో విని, తెలుగు పాఠకులకు పరిచయం చేయడానికి పూనుకున్న ఈ గ్రంథకర్త శ్రమ సామాన్యం కాదు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి కమాను మహిమ వల్ల వయొలిన్‌ను ఏకవాద్యంగా ఆరాధించిన మనకు, నాలుగు స్వతంత్ర స్వరధారలను ఏకకాలంలో అనుసరించడం ఎలాగో ఓపికగా నేర్పారు. అంతకంటె విలువైనది, రికార్డింగు వెనుక జరిగే పరిష్కరణ కార్యాన్ని వివరించిన ప్రకరణం. ఆనాడు ఈ కృతులు సాధారణంగా నాలుగు వాద్యాలకు నాలుగు విడి ప్రతులుగానే అచ్చయ్యేవి. సమగ్ర స్వరపత్రం ఉండేది కాదు. ఒక ప్రతిలో మృదువుగా వాయించమన్న చోట మరొక ప్రతి మౌనం వహిస్తుంది, కమాను గుర్తులు పొసగవు, అచ్చుతప్పులు సరేసరి. వీటన్నిటినీ సమన్వయించి, వాదనపరంపర తెగిపోయిన కృతికి లయగతిని, ఊపిరిని నిర్ణయించవలసిన భారం వాదకుల మీదనే పడుతుంది.

హోఫ్‌స్టెట్టర్ వృత్తాంతాన్ని గ్రంథకర్త విస్తరించి చెప్పడం ఎంతో ఉచితం. 1777లో పారిస్ ప్రచురణకర్త బాయ్యూ హైడన్ పేరిట వెలువరించిన ఆరు క్వార్టెట్లను, హైడన్ శిష్యుడే అయిన ప్లెయెల్ సైతం 1801 నాటి తన సంకలనంలో గురువుగారి కృతులుగానే చేర్చాడు. 1964లో అలన్ టైసన్, రాబిన్స్ లాండన్ అనే పండితులు, మొదటి రెండింటి ముద్రణఫలకాలపై చెరిపివేసిన హోఫ్‌స్టెట్టర్ నామాన్ని ఆధారం చేసుకుని, అవి ఆమోర్‌బాఖ్ మఠంలోని ఆ బెనెడిక్టిన్ సన్యాసివి కావచ్చునని ప్రతిపాదించారు. ఆ పక్షమే నేడు బలంగా ఉంది. ఐదవ క్వార్టెట్‌లోని సెరెనేడ్‌ను హైడన్‌దిగా తలచి లోకం తరతరాలుగా తలకెత్తుకుంది. కర్త మారినంత మాత్రాన స్వరం మారలేదు కదా! పూర్వులు ఎంతవరకు చెవితో తీర్పు చెప్పారో, ఎంతవరకు ముఖపత్రం చూసి చెప్పారో విజ్ఞులే ఊహించుకోవాలి.

అయితే మరుగునపడినదంతా మాణిక్యమని గ్రంథకర్త అనలేదు, నేనూ అనను. ప్లెయెల్ క్వార్టెట్లను మొత్సార్ట్ 1784లో తండ్రికి రాసిన లేఖలో మెచ్చుకున్న మాట నిజమే. అయినా ప్లెయెల్‌ను గురించిన ప్రకరణంలో ప్రశంస పాలు కొంత హెచ్చిందని నాకు తోచింది. డిట్టర్స్‌డార్ఫ్ ఇ-ఫ్లాట్ క్వార్టెట్ పట్ల చూపిన ఆదరం మాత్రం సర్వథా సమంజసం. పాఠకులు ముందుగా దానిని విని, పిమ్మట దానిని గురించిన ప్రకరణం చదవడం మేలు. స్వరకర్తలు క్రోమర్‌ను, వ్రానిట్‌స్కీ సోదరులను రెండవ సంపుటానికి మిగిల్చారు. దాని కోసం నేనూ ఎదురుచూస్తున్నాను.