చేదుసంచి చోటు మారితే

బోధన్‌ బజారులో కోడి కోసే మనిషి చేతిని ఒకసారి చూడండి. టకటకా ముక్కలు కొట్టేవాడు కార్జం దగ్గరికి రాగానే నెమ్మదిస్తాడు. దానికి అంటుకున్న ఆకుపచ్చ సంచి చిట్లిందా, కార్జమంతా చేదే. మనకూ అదే సంచి కాలేయం కింద, కుడివైపు ఉంటుంది. డాక్టర్లు గాల్‌బ్లాడర్‌ అంటారు, పుస్తకాల్లో పిత్తాశయం. అందులో రాళ్లు చేరితే నిజామాబాద్‌ ఖలీల్‌వాడిలోని ఆస్పత్రికి వెళ్లి, నాలుగు చిన్న రంధ్రాలతో తీయించుకుని రావడం ఇప్పుడు మామూలైంది. జర్మనీలో ఎరిక్‌ మ్యూహె 1985లో చేసి చూపిన పని ఇది. మన దేశంలో 1990లో ముంబైలో టెహెమ్టన్‌ ఉద్వాడియా మొదలుపెట్టారు.

ఇందులో కోత సులువు. ఏది కోస్తున్నామో తేల్చుకోవడమే కష్టం. నిజాంసాగర్‌ నీళ్లతో చెరకు పండించి, 2015లో శక్కర్‌నగర్‌ చక్కెర ఫ్యాక్టరీ మూతపడటం కూడా చూసిన రైతుకు కాలువల భాషలో చెప్పొచ్చు. కాలేయం నుంచి పేగుకు చేదు పసరు మోసే గొట్టం పెద్దకాలువ. సంచి నుంచి వచ్చి అందులో కలిసేది పిల్లకాలువ. మూయాల్సింది పిల్లకాలువనే. కానీ సంచిని పట్టి లాగినప్పుడు రెండూ ఒకే వరసలోకి వచ్చి ఒక్కటిగా కనబడతాయి. పొరపాటున పెద్దది తెగితే కామెర్లు, మళ్లీ ఆపరేషన్లు. ఇలాంటి 252 కేసులను పరిశీలించి 2003లో అచ్చయిన అమెరికా అధ్యయనం, 97 శాతంలో మూలం కన్ను మోసపోవడమేనని తేల్చింది.

అందుకే 1995లో స్ట్రాస్‌బర్గ్‌ అనే సర్జన్‌ చెప్పిన కట్టుబాటు నిలిచింది. కొవ్వూ పొరలూ తొలగించాలి. సంచి అడుగుభాగం కాలేయం నుంచి విడిపించాలి. సంచిలోకి వెళ్లేవి రెండే, ఒక గొట్టం, ఒక రక్తనాళం అని ముందూ వెనకా తిప్పి చూశాకే క్లిప్పు వేయాలి.

ఈ ఓపిక విలువ తేడా ఉన్న శరీరాల దగ్గర తెలుస్తుంది. సుమారు నాలుగువేల మందిలో ఒకరికి రెండు సంచులుంటాయి. ఒకటి తీసి ఇంటికి పంపితే రెండోది మిగిలిపోతుంది. కొందరిలో కాలేయానికి వెళ్లే పెద్ద ధమని సంచి దాకా గొంగళిపురుగులా వంపు తిరిగి, సంచి రక్తనాళమేనని నమ్మిస్తుంది. ఇక సంచి ఎడమన ఉండటం మరీ చిత్రం. నొప్పి మాత్రం చాలామందికి కుడివైపే వస్తుంది, స్కానింగ్‌ కూడా తరచూ పట్టుకోదు. కెమెరా లోపలికి వెళ్లాకే బయటపడుతుంది: కాలేయాన్ని పొట్టగోడకు కట్టే పొరకు అవతల, ఉండకూడని చోట. కొందరిలో దాని గొట్టం పెద్దకాలువ ముందునుంచి దాటి కుడివైపే కలుస్తుంది. అలవాటైన దిక్కున చేయి పోనిస్తే ముప్పే. రంధ్రాల చోటు మార్చి, సంచికి అంటిపెట్టుకునే విడదీస్తూ పోతారు. ఎంతకీ తేలకపోతే పొట్ట తెరవడమే. “సన్న రంధ్రాలన్నరు, ఇంత పొడుగు కోసిండ్రు” అని బయట బంధువులు గొణుగుతారు. నా మటుకు అలా ఆగగలిగిన సర్జన్‌ మీదే గురి ఎక్కువ.

ఆపరేషన్‌ అయ్యాక రాళ్లను చిన్న సీసాలో వేసి బంధువులకు చూపిస్తారు. సీసా చేతులు మారుతుంటే అందరూ ఊపి చూస్తారు. సంచి ఏ పక్కన దొరికిందో ఆ సీసాలో కనబడదు.