చిత్రమందలి స్త్రీమూర్తి – మృత్యుస్ఫురణము

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, గోదావరీతీరారణ్యమునందున్న పర్ణశాలయే పంచవటియని తద్దేశీయుల విశ్వాసము. అచ్చటి శిలలపైని రంగుచారలను సీత యారవేసిన నారచీరల జాడలని చూపుదురు. అందు స్త్రీరూపము లేదు. అయినను జూచువారికి సౌందర్యమును దద్వియోగమును నేకకాలమున స్ఫురించుచున్నవి. స్త్రీమూర్తిని వ్రాసిన చిత్రమున నీ రెండును నెట్లు కూడునో విచారింపఁదగియున్నది.

పోలిక యను నర్థమునఁ బ్రతికృతికిఁ బాణిని కన్‌ప్రత్యయమును విధించెను, గుఱ్ఱపుబొమ్మ 'అశ్వకము'. కాని పూజార్థప్రతిమలయందును, జిత్రములయందును, ధ్వజములయందును నా ప్రత్యయము లోపించునని కాశికావృత్తి తెలుపుచున్నది. కావునఁ జిత్రములోని యర్జునుఁడు 'అర్జునకుఁడు' గాఁడు, అర్జునుఁడే. పోలికను దెలుపు శబ్దము తొలఁగి వ్యక్తియే నిలుచుచున్నది. ఉత్తరరామచరిత ప్రథమాంకమున, పంచవటీవృత్తాంతము గల చిత్రములోని శూర్పణఖను జూచి సీత భయపడుటకు నిదియే మర్మము. ఆ చిత్రదర్శనమువలనఁ బుట్టిన వనవిహారేచ్ఛయే యామెను విడుచుటకు నెపమైనది. ఇట్లు భావిశోకబీజమును భవభూతి చిత్రదర్శనమునందే నాటెను.

ఆ గోదావరీతీరముననే దిగువ నున్న రాజమహేంద్రవరమున జన్మించిన దామెర్ల రామారావు (1897–1925) బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో విద్య నేర్చి, 28వ యేడు నిండకమున్నే మశూచికముచే మరణించెను. ఆయన చిత్రము లా నగరమున నాయన పేరిటి చిత్రశాలయందు భద్రముగా నున్నవి. స్త్రీమూర్తులను విశేషముగా వ్రాసిన యీ చిత్రకారుని యల్పాయువు నెఱిఁగినవారు ప్రతిముఖమునందును మృత్యుచ్ఛాయను జదువుట సహజము. సహజమైనను సాధువు గాదు. 'పుష్పాలంకరణము'న విషయము, పేరు చెప్పునట్లే, పూలసింగారము. మృత్యువును సూచించు కథాసందర్భ మందు లేదు. అచటఁ దోఁచు విషాదము ప్రేక్షకుని జ్ఞానమునుండి వచ్చి చిత్రమున కారోపింపఁబడినది.

'సిద్ధార్థ రాగోదయము' మార్గము వేఱు. అందలి నాయకుఁడు జరావ్యాధిమరణములను జూచి భవనమును విడువఁబోవువాఁడు. సహృదయుఁ డా కథ నెఱిఁగియే చిత్రమును జూచును. వాచ్యము రాగోదయము; ఆ రాగమున కవధి కలదనుట వ్యంగ్యము. కథ నెఱుఁగనివానికి నీ యర్థము తోఁపదు గదా యని యాక్షేపింతురేని, చిత్రకారుఁ డొసఁగిన పేరును జిత్రార్థమున భాగమేయని సమాధానము. 'సిద్ధార్థ' శబ్దము లేనిచో నది కేవలశృంగారచిత్రమే యగును.

కావునఁ జిత్రకారుని చరితము వేఱు, చిత్రార్థము వేఱు. విద్యార్థులకుఁ జిత్రములను వివరించు పండితు లీ భేదమును బాటింపవలెను. లేనిచో నల్పాయుష్కుఁడైన ప్రతి చిత్రకారుఁడును శోకచిత్రకారుఁడే యగును. రామారావు స్వల్పకాలమున సాధించిన రేఖాలాలిత్యమును, వర్ణసంయోజనమును జూచువారే యుండరు.