రాజకీయ ముఖాముఖి: నిష్పాక్షికతను ఎలా గుర్తించాలి?

టెలివిజన్‌లో రాజకీయ ముఖాముఖి చూసేటప్పుడు "ఈ యాంకర్ ఎవరి మనిషి?" అని చాలామంది అడుగుతారు. ప్రశ్న సరైనదే కానీ, విమర్శకు అది ఆరంభం మాత్రమే. నిష్పాక్షికతను యాంకర్ మనసులో వెతకలేం. అతను అడిగిన ప్రశ్నల్లోనూ, అడగకుండా వదిలేసిన ప్రశ్నల్లోనూ వెతకాలి.

తెలుగులో బాగా పేరొందిన ‘ఓపెన్ హార్ట్ విత్ ఆర్కే’ కార్యక్రమాన్ని తీసుకుందాం. ఏబీఎన్ ఆంధ్రజ్యోతిలో దీన్ని నిర్వహించే వేమూరి రాధాకృష్ణ ఆ సంస్థ అధిపతి కూడా. ఆంధ్రజ్యోతి పత్రికలో ‘కొత్త పలుకు’ శీర్షికన రాజకీయ వ్యాఖ్య రాస్తారు. కాబట్టి ఆయన అభిప్రాయాలు ప్రేక్షకులకు ముందే తెలుసు. సంభాషణ అతిథి బాల్యంతో, కుటుంబంతో మొదలై రాజకీయాల్లోకి వస్తుంది. ఈ చనువు వల్ల అతిథి బిగుసుకుపోకుండా మాట్లాడతాడు. ఇది కార్యక్రమానికి బలం. బలహీనత కూడా ఇక్కడే ఉంది. స్నేహితుడిలా అడిగిన కఠినమైన ప్రశ్నను అతిథి నవ్వి దాటేయవచ్చు. అప్పుడు అదే ప్రశ్నను మళ్లీ అడిగారా లేదా అన్నది మనం చూడాలి.

సాక్షి టీవీలో కొమ్మినేని శ్రీనివాసరావు నిర్వహించిన చర్చలకూ ఇదే కొలబద్ద వర్తిస్తుంది. ఆ సంస్థ వైఎస్ జగన్మోహన్ రెడ్డి కుటుంబానికి చెందినది. యాజమాన్యం ఎవరిదో తెలిస్తే ఎక్కడ జాగ్రత్తగా వినాలో తెలుస్తుంది. తీర్పు మాత్రం ప్రశ్నలు విన్నాకే ఇవ్వాలి.

ఇప్పుడు భద్రాచలం ఉదాహరణతో దీన్ని పరీక్షిద్దాం. పోలవరం ముంపు కారణంగా 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం ఆంధ్రకు వెళ్లాయి. 2022 జూలైలో గోదావరి ఇక్కడ 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని గుర్తుంచుకోండి. అప్పటి తెలంగాణ మంత్రి పువ్వాడ అజయ్ కుమార్ పోలవరం వల్లే భద్రాచలానికి ముప్పు అన్నారు. ఆంధ్ర మంత్రి బొత్స సత్యనారాయణ ఆ మాటను తోసిపుచ్చారు.

ఈ ఇద్దరూ స్టూడియోకి వచ్చారనుకోండి. యాంకర్ ఏమి అడగాలి? మొదటివారిని, "1986లో పోలవరం ఆనకట్ట లేదు. అయినా నీరు 75.6 అడుగులకు చేరింది. మరి ఈసారి వరదకు ఆనకట్టే కారణమని ఎలా చెబుతారు?" అని అడగాలి. రెండోవారిని, "జలాశయంలో సముద్రమట్టానికి 150 అడుగుల ఎత్తున పూర్తిగా నీరు నిలిపితే, వరద రోజున భద్రాచలం దగ్గర నీరు ఎంత పెరుగుతుంది? ఆ లెక్కను ఇక్కడి ప్రజల ముందు పెడతారా?" అని అడగాలి. ఇద్దరికీ సమానంగా నిమిషాలు పంచితే సరిపోదు. ఎవరికి ఏ ప్రశ్న ఇబ్బందికరమో, వారిని ఆ ప్రశ్నే అడగాలి. అందుకు అభిప్రాయం లేని మనిషి అక్కర్లేదు. లెక్కలు చదువుకుని వచ్చిన మనిషి కావాలి.

మరో లోపాన్ని కూడా గమనించాలి. ఇళ్లు మునిగిన కూనవరం, చింతూరు కోయ కుటుంబాలకు ఆ కుర్చీల్లో చోటు దొరకడం అరుదు. "మా పరిహారం ఎప్పుడు? మమ్మల్ని ఎక్కడికి పంపుతారు?" అన్నది వారి ప్రశ్న. రెండు పార్టీలకూ సమదూరం పాటించి ఈ ప్రశ్నను మరిచిపోయిన యాంకర్‌ను నిష్పాక్షికుడు అనవచ్చా? నాయకుల మధ్య తూకం సరిపోయినా, నాయకులకూ ప్రజలకూ మధ్య తూకం తప్పింది కదా.

అభ్యాసం: మీకు నచ్చిన నాయకుడి ముఖాముఖి ఒకటి చూడండి. అతను జవాబు దాటవేసిన చోట్లను గుర్తించి, అక్కడ యాంకర్ వేయవలసిన తరువాతి ప్రశ్నను రాయండి. మీకు నచ్చని నాయకుడి విషయంలోనూ అలాగే చేసి, రెండు జాబితాలనూ పోల్చండి. మీ సొంత మొగ్గు కూడా అందులో కనిపిస్తుంది.